సుశీలవ్వ పిలిచింది

ప్రయాణమనగానే నాకు ముందు వచ్చే ఆలోచన, గ్యాస్ కట్టేశానా లేదా అని. తెనాలిలో రైలెక్కి సీట్లో కూర్చోగానే మా ఆయనకు ఫోన్ చేసి సిలిండరు చూడమన్నాను. "నేనింట్లోనే ఉన్నాను కదా భారతీ, ఆ పొయ్యి మీదే కాఫీ పెట్టుకుంటున్నాను" అన్నారాయన. అయినా కాసేపాగి మళ్ళీ చేశాను. నా సంగతి ఇలా ఉంటుందని ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పే వాటిలో నా కంగారు ఎంతో, నిజంగా జరిగింది ఎంతో మీరే తేల్చుకుంటారు.

నేను కథలు చదివి వినిపిస్తాను. ఒకప్పుడు రేడియోలో చదివేదాన్ని, ఇప్పుడు ఫోన్లో వినేవాళ్ళ కోసం చదువుతున్నాను. ఈమధ్య చదవడానికి తీసుకున్నవి సుశీలవ్వ కథలు. ఆవిడ మెట్‌పల్లిలో వయసంతా బీడీలు చుట్టిన మనిషి. ఏడో తరగతి దాకా చదువుకుంది. రెండు పుస్తకాలు వేసింది. మా ఊరి గ్రంథాలయంలో ఆ రెండూ హాస్యం అని చీటీ అంటించిన బీరువాలో ఉంటాయి. "మా ఊరి మొగోళ్లు దుబాయికి పోయి ఒంటెల గాస్తరు, మేమీడ వాళ్ల అవ్వల గాస్తం" అని ఒక కథ మొదలవుతుంది. వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మే. ఇంకో కథలో, "దుబాయి పెట్టెల సబ్బులుంటయి, సెంటుంటది, చెద్దర్లుంటయి. అన్ని ఉంటయి, పంపినాయన తప్ప" అంటుంది.

ఆ మాట మొదటిసారి బస్సులో చదివి పైకే నవ్వాను. పక్కన కూర్చున్నావిడ కాస్త జరిగి కూర్చుంది. వారం తర్వాత వంటింట్లో ఎందుకో అదే మాట గుర్తొచ్చి, పప్పుడబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా వైపు ఎవరైనా కష్టం చెప్పుకోవాలంటే ముందు గొంతు సవరించుకుంటారు. ఈవిడ ముందు నవ్విస్తుంది. నవ్వి ఇంటికి వెళ్ళాక మనకు తెలుస్తుంది, ఆవిడ ఏం చెప్పిందో.

ఆవిడ కథల్లో నాకు ప్రాణమైనది 'బాపు వచ్చినంక రా'. గల్ఫు నుంచి ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చిన తండ్రిని చిన్న కూతురు గుర్తుపట్టదు. ఎవరో అనుకుని తలుపు సందులోంచి, "మా బాపు దుబాయిల ఉన్నడు, ఆయన వచ్చినంక రా" అంటుంది. తండ్రి పెట్టె కింద పెట్టి, "సరే బిడ్డా, వచ్చేదాక కూసుంట" అని అరుగు మీద కూర్చుంటాడు. ఈ కథను నేను గుంటూరులో చదివాను, ఒంగోలులో చదివాను. పిల్ల మాట దగ్గర ఆగుతాను. హాలంతా నవ్వుతుంది. నవ్వు తగ్గాక తండ్రి మాట ఎత్తుకుంటాను. ఇన్నేళ్ళ వృత్తిలో నేర్చుకున్నది అదే, నవ్వుకు చోటివ్వాలి.

కథలన్నీ రికార్డు చేసి, ముందు ఈ ఒక్కదాన్ని ఆవిడకు పంపాను. ఆవిడ ఒప్పుకుంటేనే అవి బయటికి రావాలి. నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అయిదో రోజు వాట్సాప్‌లో ఆవిడ గొంతు వచ్చింది.

"బిడ్డా, మంచిగనే చదివినవ్. గని ఒక్కపారి ఇటు వచ్చిపో. ఫోన్ల జెప్పే ముచ్చట గాదు. ముందుగాల మెట్‌పల్లిల మా బీడీలోల్ల నడుమ కూసోని గీ కథ చదువు. అటెంక జైనూరుకు రా, నా బిడ్డ దగ్గరున్న."

"మంచిగనే" అన్న ఆ చివరి 'నే' ఉంది చూశారూ, దాంతో నాకు నిద్ర పోయింది. కోస్తా మనిషిని, వాళ్ళ మాటను నా నోటితో పలుకుతూ నలుగురినీ నవ్విస్తున్నాను. వెక్కిరించినట్టు అనిపించిందేమో. కథలు ఇవ్వనంటుందేమో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఏమీ అనకముందే నేను క్షమాపణలు తయారుచేసుకుంటూ బయల్దేరాను.

కరీంనగర్

కరీంనగర్‌లో దిగేసరికి ఎండ అప్పుడే ముదురుతోంది. శివరాత్రి పోయి ఎంతో కాలేదు గానీ, ఇక్కడి ఎండకు పంచాంగం పట్టదని అర్థమైంది. బస్టాండు బయట ఒకామె బండి మీద సర్వపిండి చేస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నె లోపల అంటించి, వేలితో చిల్లులు పొడిచి కాలుస్తారు. మా తపాలచెక్కకు చుట్టమే గానీ, ఇది కరకరలాడుతుంది, కారం కూడా ఎక్కువే. ఒకటి ముప్ఫై రూపాయలు. రెండు తిన్నాను, కంగారులో నాకు ఆకలెక్కువ.

"ఏడికెళ్ళి వచ్చినవక్కా?" అని ఆమె అడిగింది. చెప్పాను. ఎందుకొచ్చానో కూడా చెప్పాను. కొత్తవాళ్ళు అడిగితే నేను అన్నీ చెప్పేస్తాను. సుశీలవ్వ పేరు ఆమె ఎప్పుడూ వినలేదట.

"'పెట్టెల అన్ని ఉంటయి, పంపినాయన తప్ప' అని రాసింది ఆవిడే" అన్నాను.

ఆమె అట్లకాడ గిన్నెలోనే వదిలేసింది. "గది రాసిన మాటనా? మా అత్త అంటుండె గామాట. మాయన మస్కట్‌ల ఉన్నడు. పెట్టె వచ్చినప్పుడల్లా మేం గదే అనుకోని నవ్వుకుంటం. సామెత అనుకున్న నేను."

రచయిత పేరు పోయి మాట మిగలడం రాసేవాళ్ళలో ఎంతమందికి జరిగిందో లెక్కపెడితే ఒక చెయ్యి చాలు. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే భయమేసింది. సామెతను చెడగొట్టినవాళ్ళను ఎవరూ క్షమించరు కదా. ఆమె మూడో సర్వపిండికి డబ్బులు తీసుకోలేదు. "మా అత్త పేరు మీద తిను" అంది.

కొండగట్టు

మెట్‌పల్లి దారిలోనే కొండగట్టు ఉంది కనుక ఆంజనేయస్వామికి ఒక కొబ్బరికాయ కొట్టి పోదామనుకున్నాను. నాలాంటివాళ్ళకు దేవుడు దారిలో ఉంటే దిగకుండా పోవడం కుదరదు. దిగకపోతే దాని గురించి మళ్ళీ ఒక భయం పట్టుకుంటుంది.

ఇక్కడికి మనసు బాగాలేనివాళ్ళను, దడుసుకున్నవాళ్ళను తీసుకొచ్చి కొన్నాళ్ళు ఉంచుతారట. ఆ సంగతి నాకు తెలీదు. వరసలో నా ముందున్న ముసలామె నన్ను కాసేపు చూసింది. నేను చేతిసంచి తెరుస్తూ, మూస్తూ, కథ కాగితాలు ఉన్నాయా లేవా అని చూసుకుంటూ ఉన్నాను.

"భయానికి వచ్చినవా అమ్మా?" అంది ఎంతో జాలిగా.

"కాదండీ, పనిమీద పోతూ దిగాను."

"గట్లనే అంటరు మొదాలు" అని ఆమె తన కొడుకు వైపు తిరిగి, "గీమెకు జర ముందుగాల జాగ ఇయ్యిరా" అంది. సిగ్గుపడుతూనే ముందుకు పోయాను. దర్శనం తొందరగా అయింది. భయం వల్ల నాకు జరిగిన ఒకే ఒక మేలు అదే అనుకుంటాను.

బయటికొచ్చాక కోతి నా సంచి లాక్కుంది. అందులో కొబ్బరిచిప్ప ఉంది, కథ కాగితాలూ, కళ్ళజోడూ ఉన్నాయి. కొబ్బరి తినేసి, కాగితాలను ఒక్కొక్కటే విదిల్చి చూసి, నచ్చనట్టుగా కింద పారేసింది. చింపినవి చింపగా మిగిలినవి ఏరుకున్నాను. కళ్ళజోడు మాత్రం దొరకలేదు. కొబ్బరికాయలమ్మే ఆయన, "ఫికర్ జెయ్యకు అమ్మా, గది నీ పరేషాని గుంజుకపోయింది" అన్నాడు. పరేషానీ నా దగ్గరే ఉంది, కళ్ళజోడే పోయింది.

మెట్‌పల్లి

మెట్‌పల్లి మార్కెట్టు దగ్గర గాలంతా పసుపు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు కుప్పలుగా పోసి ఉన్నాయి. మా దుగ్గిరాల పసుపు యార్డు చూస్తూ పెరిగినదాన్ని కనుక ఆ వాసనకు కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం బీడీలవాళ్ళ వాకిలి దాకా కూడా ఉండలేదు.

ఆ వాకిట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక చాట. చాటలో కత్తెర, కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు పొడి. ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టేస్తారు. చెప్పినంత సేపు పట్టదు. సాయంత్రానికి కార్ఖానాలో అప్పజెప్పాలి. అందరికంటే పెద్దావిడ లచ్చవ్వ. ఆవిడ పక్కన నలభై దాటిన పద్మ. పద్మే నాకు పీట వేసి, మంచినీళ్ళిచ్చింది.

"సుశీల పంపిన పిల్లవా? కూసో బిడ్డా. మా చేతులు ఆగయి, ఏమనుకోకు. నువ్వు చదువు" అంది లచ్చవ్వ.

ఇదే వాకిట్లో సుశీలవ్వ ఏళ్ళ తరబడి కూర్చుని కథలు చెప్పిందట. రాసింది తర్వాతే. చెబుతున్నప్పుడు బీడీలు త్వరగా అవుతాయని ఆమెను మధ్యలో కూర్చోబెట్టేవారట. నేను అదే చోట కూర్చున్నాను. కళ్ళజోడు లేదు, కాగితాలు సగం చిరిగాయి. అదృష్టం కొద్దీ కథ మొత్తం నాకు నోటికి వచ్చు.

మొదలుపెట్టాను. మా వైపు కథ చదువుతుంటే వినేవాళ్ళు మన మొహం చూస్తారు, తల ఊపుతారు. వీళ్ళు చాటల వంకే చూస్తున్నారు. వింటున్నారో లేదో తెలియదు. గొంతు కాస్త పెంచాను. పిల్ల తలుపు దగ్గరికి వచ్చింది. "మా బాపు దుబాయిల ఉన్నడు, ఆయన వచ్చినంక రా."

అలవాటు ప్రకారం ఆగాను.

ఎవరూ నవ్వలేదు. కత్తెర చప్పుడు రెండుసార్లు వినిపించి, అదీ ఆగిపోయింది. చేతులు ఆగవని చెప్పిన లచ్చవ్వ చెయ్యి చాటలో అలాగే ఉండిపోయింది. పద్మ తన చాట పక్కన పెట్టి లేచి ఇంటి వెనక్కి వెళ్ళింది. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేను మిగతా కథను తరిమినట్టు చదివేశాను. ఏం చదివానో నాకే తెలియదు.

"మంచిగనే చదివినవ్ బిడ్డా" అంది లచ్చవ్వ. మళ్ళీ ఆ 'నే'. "పా, ఇగ బువ్వ తిను."

అన్నం, పచ్చిపులుసు, కందిపొడి పెట్టారు. పచ్చిపులుసు అంటే చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ వేసి, కాచకుండా పోపు పెట్టింది. ఆ ఎండకు అమృతంలా ఉండాలి. నాకు రుచే తెలియలేదు. వడ్డిస్తున్నది పద్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకింత ఏసుకో అక్కా, మొగమాటపడకు" అంది, అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. తప్పు చేసినవాళ్ళకు కూడా కొసరి కొసరి పెట్టడం వీళ్ళ పద్ధతేమో అని, ప్రతి ముద్దకూ అదే అనుమానం. ఏం తప్పు చేశానమ్మా అని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మజ్జిగ అడిగాను.

గోదావరి దాటి

రాత్రికి మెట్‌పల్లిలోనే ఉండి పొద్దున్నే బయల్దేరాను. గోదావరి దాటి, ఖానాపూర్, ఉట్నూర్ మీదుగా జైనూరు పోవాలి. మా కృష్ణాడెల్టాలో రోడ్డు పక్కన కాలువ ఉంటుంది, కాలువ పక్కన చేను ఉంటుంది, ఎక్కడ చూసినా మనిషి ఉంటాడు. ఇక్కడ కొంతసేపటి తర్వాత అడవే ఉంది. మోదుగుపూలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. అందంగానే ఉంది. నేను చూడలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే సిగ్నల్ అందలేదు. ఆవిడ కథలు ఇవ్వనంటే ఏం మాట్లాడాలో, ఎలా లేచి రావాలో మనసులో అభ్యాసం చేసుకుంటున్నాను.

ఉట్నూర్ దాటాక మేమెక్కిన జీపు టైరు పంక్చరయింది. అందరూ చెట్ల కింద కూర్చున్నారు. నేను మాత్రం జీపు పక్కనే నిలబడ్డాను.

"ఇక్కడ పులులుంటాయా?" అని డ్రైవర్ని అడిగాను.

"ఉంటయి. దానికి నీ తోని ఏం పని మేడం? నీడకు కూసో" అన్నాడు జాకీ తిప్పుతూ.

నీడలో ఒక గోండు పెద్దావిడ రాలిన ఇప్పపూలు ఏరి గంపలో వేసుకుంటోంది. "రామ్‌రామ్ బాయీ" అని పలకరించి, నా అరచేతిలో నాలుగు పువ్వులు పెట్టింది. తియ్యగా, కాస్త మత్తు వాసనతో ఉన్నాయి. నేను పూలు తినడం అదే మొదటిసారి. మూటలోంచి జొన్నరొట్టె తీసి తుంచి, "భాకర్ తిను" అంది. దాని మీద వెల్లుల్లి కారం ఉంది. ఆవిడకు నా భాష సగం అర్థం కాదు, నాకు ఆవిడది సగం అర్థం కాదు. నా మొహం మాత్రం పూర్తిగా అర్థమైనట్టుంది. టైరు బిగించేదాకా నా భుజం మీద చెయ్యి తీయలేదు.

జైనూరు

సుశీలవ్వ కూతురు అక్కడ ఆసుపత్రిలో నర్సు. నేను చేరేసరికి డ్యూటీకి పోతూ, "మా అవ్వ పొద్దటి సంది తొవ్వ చూస్తుంది" అని చెప్పి వెళ్ళింది. వాకిట్లో చాప మీద ఒక సన్నటి మనిషి కూర్చుని ఉంది. పెద్ద కళ్ళద్దాలు, మధ్యమధ్య పొడి దగ్గు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గింతేనా నువ్వు? గొంతు ఇని జర లావుంటవనుకున్న" అంది.

నవ్వాలో వద్దో తెలియలేదు. కాళ్ళకు దండం పెట్టబోయాను. "కాళ్ళ నొప్పులు నాకున్నయి, దండం నీ కాళ్ళకే పెట్టుకో, గింత దూరం వచ్చినయి" అంది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పుంటికూర అంటే మా గోంగూరే. తింటున్నంతసేపూ తెనాలిలో ఏం కూరలు దొరుకుతాయి, మా ఆయన ఏం చేస్తారు, పిల్లలెంతమంది అని అడిగిందే గానీ, కథ ఊసెత్తలేదు. నాకు ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ చాట నిండా ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అమ్మా, నా గొంతు మీ కథలకు పనికిరాదా? మీ మాటను వెక్కిరించినట్టు ఉందా? మెట్‌పల్లిలో ఎవరూ నవ్వలేదు. పద్మగారు లేచి వెళ్ళిపోయారు."

"ఎక్కిరిస్తే లచ్చవ్వ ఊకుంటదా? చాట తీసి నెత్తిల బోర్లిస్తుండె. నీ గొంతు మంచిగున్నది. మాట గూడ జర అటిటు ఉన్నా నడుస్తది. గని నువ్వు ఆగుతున్నవ్ బిడ్డా."

"ఎక్కడ?"

"నవ్వొచ్చేకాడ."

"నవ్వడానికి సమయం ఇవ్వాలి కదమ్మా."

ఆవిడ మిరపకాయ చేతిలో పట్టుకుని నా వంక చూసింది. "మేం బీడీలు జేసేకాడ ఏడ్వకపోతుంటిమి. ఏడుపు లేక గాదు. చేతులకు తంబాకు ఉంటది. గా చేతుల తోని కండ్లు తుడుసుకుంటే పొద్దుమీకెదాక మండుతయి. ఆకు నానుతది, పని ఆగుతది. గందుకని ఏది జెప్పినా నవ్వులవెట్టి జెప్పాలె. నవ్వెంబడి ఇంకో మాట, గా మాటెంబడి ఇంకో మాట. ఆగొద్దు. ఆగితే ఎనకకెళ్ళి ఏడుపు అందుకుంటది. నేను గట్ల జెప్పుడు నేర్సుకున్న."

ఆవిడ ఇంకో మిరపకాయ తొడిమ తీసి చాటలో వేసింది.

"పద్మ ఎవలనుకున్నవ్? గా తలుపు సందుల పిల్ల గదే."

పద్మ తండ్రి రెండు నెలల సెలవు మీద వచ్చాడట. అరుగు మీద కూర్చుని, భార్య బీడీల నుంచి వచ్చేదాకా కూతురితో కొత్తవాడిలాగే మాట్లాడాడట. సెలవు అయిపోయి వెళ్ళాడు. మరుసటి ఏడు అక్కడే పోయాడు. మట్టి కూడా అక్కడే అయింది.

"పిల్లకు అయిదేండ్లు. 'నేను పొమ్మన్న, గందుకే బాపు పోయిండు' అని పట్టుకున్నది. బువ్వ తినకపోతుండె. ఎవలు చెప్పినా ఇనకపోతుండె. ఓ దినం అవ్వ ఒళ్ళె కూసున్నది. నేను గీ కథ ఎత్తుకున్న. మీసాలాయన వచ్చిండు, పిల్ల గిట్ల అన్నది, ఆయన గట్ల అన్నడు అని. అందరు కడుపుబ్బ నవ్విన్రు. వాళ్ళ అవ్వ గూడ నవ్వింది. పిల్ల ఒక్కొక్కల మొగం చూసింది. పెద్దోళ్ళు గింత నవ్వుతున్రంటే తన తప్పు ఏం లేనట్టే గద. గా దినం తిన్నది." ఆవిడ కాసేపు దగ్గింది. "నువ్వు ఆగినవనుకో, గా సప్పుడు లేని జాగల పద్మ ఒక్కతే మిగులుతది. నువ్వు పంపినది నేను దానికి పంపిన. అది ఇని, 'చిన్నమ్మా, గాడ ఆగొద్దని జెప్పు' అన్నది. నిన్న నీ ముందలికెళ్ళి లేచిపోయి నాకే ఫోను జేసింది, మళ్ళ ఆగిందని."

హాస్యం అని చీటీ అంటించిన ఆ బీరువా నాకు గుర్తొచ్చింది. ఆ చీటీని నేనూ నమ్మాను. గుంటూరు హాల్లో జనం చప్పట్లు కొడుతుంటే ఆ కథ నా చేతిలో ఉందనుకున్నాను. సిగ్గుగా అనిపించింది, అంతకంటే ఎక్కువగా ఆవిడంటే భక్తి కలిగింది. ఏడ్చే పిల్లను ఎత్తుకోవడం అందరికీ వచ్చు. ఊరంతా నవ్వేలా ఒక కథ చెప్పి ఆ పిల్ల మీది నేరం కొట్టేయించడం ఎవరికి వస్తుంది?

"పద్మ సరేనంటే నాది సరే. అది వద్దంటే గీ కథ బయటికి పోవద్దు" అని ఆవిడ చాటను మా ఇద్దరి మధ్యకు జరిపింది. "ఇగ చెప్పు. కాయితం వద్దు. తొడిమెలు తీసుకుంట చెప్పు."

ఫోన్ చాట పక్కన పెట్టి పద్మకు కలిపింది. అవతల నుంచి కత్తెర చప్పుడు వినిపించింది. "ఇంటున్న చిన్నమ్మా, లచ్చవ్వ గూడ ఉన్నది" అంది పద్మ.

నా జీవితంలో ఏ హాల్లోనూ అంత భయపడలేదు. మిరపకాయ తీసుకున్నాను, తొడిమ తీశాను, మొదలుపెట్టాను. చేతులకు పని ఉంటే మాటకు ఒక నడక వస్తుందని అప్పుడు తెలిసింది. ఒక తొడిమకు ఒక మాట. గొంతు పెంచడానికి, దించడానికి వ్యవధి లేదు. పిల్ల తలుపు దగ్గరికి వచ్చింది.

"అవ్వ బీడీలకు పోయింది. మా బాపు దుబాయిల ఉన్నడు, ఆయన వచ్చినంక రా, అన్నది పిల్ల. సరే బిడ్డా, వచ్చేదాక కూసుంట అన్నడాయన. కూసో, గని మా బాపు జాగల కూసోకు, జర ఇటు జరుగు అన్నది. జరిగిండు. మంచినీళ్ళు తాగుతవా అన్నది. తాగుత అన్నడు. చెంబు తెచ్చింది, సగం తొవ్వల ఒలికింది. మీ బాపు ఎట్లుంటడు బిడ్డా అన్నడు. మస్తు పొడుగుంటడు, నువ్వున్నట్టు గాదు అన్నది. గట్లనా, అయితే నేనూ చూసి పోత అన్నడు."

ఇదివరకు ఈ మాటల్లో సగం జనం నవ్వులో కొట్టుకుపోయేవి. ఒక్కటీ పోకుండా నాకు నేనే విన్నది ఆరోజే. తన ఇంటి అరుగు మీద, తన చోటు నుంచి పక్కకు జరిగి కూర్చున్న మనిషి కనిపించాడు. కళ్ళ నిండా నీళ్ళు. చేతుల నిండా కారం. తుడుచుకోవడానికి లేదు. ఆగడానికీ లేదు. నీళ్ళు చెంపల మీదుగా కారుతుంటే అలాగే చెప్పుకుంటూ పోయాను. సుశీలవ్వ ఎప్పుడు లేచి చేతులు కడుక్కుని వచ్చిందో చూడలేదు. తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. నేను చెప్పడం ఆపలేదు.

కథ అయిపోయింది. ఫోన్లో కత్తెర చప్పుడు సాగుతూనే ఉంది. ఆ తర్వాత నవ్వు వినిపించింది. ముందు లచ్చవ్వది, ఆపైన పద్మది. చాలాసేపు నవ్వింది.

"జర ఇటు జరుగు అన్ననట" అంది నవ్వుతూనే. "మా బాపు జరిగిండట."

"పద్మా, ఏమంటవ్ మరి?" అని సుశీలవ్వ అడిగింది.

"గిట్లనే పెట్టుమను చిన్నమ్మా." కత్తెర చప్పుడు ఆగింది. "గని కథల మా బాపుకు పేరు లేదు. ఆయన, ఆయన అనే ఉన్నది. మొదాలు ఆయన పేరు చెప్పి చదువుమను. గంగారాం."

సుశీలవ్వ చాటను పక్కకు జరిపింది. ఇన్నేళ్ళూ ఆ వాకిట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదట. ఎత్తితే చేతులు ఆగుతాయని. "చెప్తది బిడ్డా" అంది చివరికి, నన్ను అడగకుండానే.

ఇంటికొచ్చాక ఆ కథను మళ్ళీ చదివి రికార్డు చేశాను. మొదట గంగారాం అన్నాను. అక్కడ ఆగాను. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు.